పదకొండో తరగతి పైథాన్ పాఠాలకు ఏ పుస్తకం, ఏ సామగ్రి? బెంగళూరు, చెన్నై ఉపాధ్యాయుల సలహా కావాలి

మారతహళ్లి_టీచర్
మారతహళ్లి దగ్గర ఒక సీబీఎస్ఈ పాఠశాలలో పదకొండో తరగతికి కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. మా యాజమాన్యం ఈ ఏడాది ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ పుస్తకాన్ని అందరూ కొనాలని నిర్ణయించింది. ఆ పుస్తకం లావుగా ఉంది, రంగుల బొమ్మలున్నాయి, ప్రతి పాఠం చివర వంద ప్రశ్నలున్నాయి. అయితే కొన్ని ప్రోగ్రాముల్లో ప్రింట్ తరువాత బ్రాకెట్లు లేవు. అది పాత రూపమైన పైథాన్ 2 పద్ధతి, దానికి మద్దతు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. పిల్లలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే టైపు చేస్తారు, తెర మీద ఎర్రటి అక్షరాలు వస్తాయి, తప్పు తమదేననుకుని చేతులు కట్టుకుని కూర్చుంటారు. అచ్చులో ఉన్నది తప్పని పదహారేళ్ల పిల్లకు ఎలా తోస్తుంది?

మా ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుంటారు. ఇంటర్నెట్ ఒక పూట ఉంటే ఒక పూట ఉండదు. పిల్లల్లో సగం మంది ఇళ్లలో తెలుగో కన్నడమో మాట్లాడేవారు. అనంతపురం, కడప వైపు నుంచి పదో తరగతి తరువాత ఇక్కడికి వచ్చినవారు కొందరున్నారు, వారు అంతకుముందు ఒక్క ప్రోగ్రామైనా రాసి ఎరుగరు. ఈ పరిస్థితిలో మీరు ఏ పుస్తకం వాడుతున్నారు, ఏ అభ్యాసపత్రాలు ఇస్తున్నారు, ల్యాబులో ఏం చేయిస్తున్నారో వివరంగా చెప్పగలరు.

కోలారు_మేష్టారు
ఆ పుస్తకాన్ని ప్రశ్నల సాధనకు మాత్రమే ఉంచుకుని పాఠం ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంతో చెప్పండి. పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం 2019లో, పన్నెండో తరగతిది 2020లో వచ్చాయి. రెండూ వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మొదటి దానిలో కంప్యూటర్ వ్యవస్థ, సంఖ్యామానాలు, సమస్యా పరిష్కారం, ఆ తరువాతే పైథాన్ అనే వరుస ఉంది. ఫ్లోచార్టు, సూడోకోడు (మామూలు మాటల్లో రాసే ప్రోగ్రాం నమూనా) వేయడం నేర్చుకున్నాకే భాషలోకి దిగాలన్న ఆ క్రమం నాకు సరైనదనిపిస్తుంది. కర్ణాటక పీయూ (మన ఇంటర్ లాంటిది) వారు చాలాకాలం సీ++ చెప్పి, ఇప్పుడు పైథాన్‌కు మారారు. కాబట్టి మీ ఊళ్లో రెండు రకాల కళాశాలల పిల్లలూ దాదాపు ఒకే సరుకు చదువుతున్నారు, ఉపాధ్యాయులు కలిసి పనిచేసే వీలుంది.

వైట్‌ఫీల్డ్_కోడర్
మేష్టారు గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. పదకొండో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ చాలు. పన్నెండుకు వచ్చేసరికి సీబీఎస్ఈ సిలబస్‌లో ఉన్న సీఎస్‌వీ ఫైళ్లకు (కామాలతో విడదీసిన పట్టికలు), పైథాన్ నుంచి మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ను కలపడానికి ఆ పుస్తకం ఒక్కటే సరిపోదు. మరోవైపు పుస్తకంలో క్యూ, సార్టింగ్, సెర్చింగ్ మీద పూర్తి పాఠాలున్నాయి, సిలబస్‌లో డేటా స్ట్రక్చర్లంటే స్టాక్ ఒక్కటే. ఈ తేడా ఉండబట్టే ప్రైవేటు గైడ్లకు గిరాకీ. నా కొడుకు కిందటేడు పన్నెండు రాశాడు, దగ్గరుండి చూశాను.

మారతహళ్లి_టీచర్
కోడర్ గారూ, నాకు ఇప్పుడు పదకొండే ముఖ్యం. అయితే మీరు చెప్పిన ఖాళీలను దృష్టిలో పెట్టుకుంటాను, ఇదే తరగతిని వచ్చే ఏడాది కూడా నేనే తీసుకోవాలి.

పెరంబూరు_శారద
చెన్నైలో స్టేట్ బోర్డు పిల్లలకు చెబుతాను. తమిళనాడులో పదకొండో తరగతికి సీ++, పన్నెండో తరగతికి పైథాన్. పుస్తకాలు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ ప్రభుత్వమే వేస్తుంది. రెండేళ్లలో రెండు భాషలు కావడంతో పన్నెండుకు వచ్చిన పిల్లలు సీ++ అలవాటుతో పైథాన్‌లో కూడా వరుస చివర సెమికోలన్ పెడుతూ ఉంటారు. అయినా, పుస్తకం ఏదైనా సరే, పాఠం ఏ వరుసలో చెబుతున్నామన్నదే అసలు సంగతి అని నా అనుభవం.

సాధారణంగా మనం ఏం చేస్తాం? బోర్డు మీద సింటాక్స్ రాస్తాం, ఒక ఉదాహరణ ఇస్తాం, ఇక మీరు రాయండి అంటాం. ఏమీ తెలియని పిల్లవాడికి ఖాళీ తెర ముందు కూర్చుని ప్రోగ్రాం రాయడం అన్నింటికంటే కష్టమైన పని, మనం దానితోనే మొదలుపెడుతున్నాం. ఇంగ్లండులో సూ సెంటెన్స్ అనే కంప్యూటర్ విద్యా పరిశోధకురాలు తన సహచరులతో కలిసి ప్రిమ్ అనే పద్ధతిని రూపొందించారు. ముందు ఫలితం ఊహించడం, తరువాత నడిపి చూడడం, ఎందుకలా వచ్చిందో పరిశీలించడం, చిన్న మార్పు చేయడం, చివరగా సొంతంగా తయారు చేయడం అనేవి అందులోని ఐదు మెట్లు.

నేను చేసేది చెబుతాను. ఫర్ ఐ ఇన్ రేంజ్(1, 5) అని రాసి, లోపల ఐని ముద్రించే రెండు వరుసల ప్రోగ్రామును కాగితం మీద ఇస్తాను. కంప్యూటర్లు ఆపి ఉంటాయి. ఏమేం వస్తుందో పెన్సిలుతో రాయమంటాను. తరగతిలో ఎక్కువమంది 1 నుంచి 5 వరకు రాస్తారు. అప్పుడు నడిపిస్తే 4 దగ్గర ఆగిపోతుంది. ఆ క్షణంలో తరగతిలో వచ్చే గోల చూడాలి. చివరి అంకె కలవదన్న నియమాన్ని నేను చెప్పనక్కరలేదు, వారే ఒకరికొకరు చెప్పుకుంటారు. తరువాత 5 రావాలంటే ఏం మార్చాలి, సరి సంఖ్యలే కావాలంటే ఏం మార్చాలి, వెనక్కి లెక్కించాలంటే ఏం చేయాలి అని అడుగుతూ పోతాను. సొంత ప్రోగ్రాం రాయడం ఆ పీరియడు చివర్లోనో మరుసటి పీరియడులోనో వస్తుంది.

కోలారు_మేష్టారు
శారద గారు చెప్పినదానిలో కాగితం, పెన్సిలు అన్న మాటను అందరూ గట్టిగా పట్టుకోవాలి. లెక్కల్లో కూడా జవాబు చూసేముందు అంచనా వేసిన పిల్లవాడే నిలబడతాడు.

ల్యాబ్_రాజు
టీచర్ గారు రాసిన ల్యాబు పరిస్థితికి ఒక సలహా. ప్రోగ్రాములు రాసి నడపడానికి పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ బదులు థానీ పెట్టి చూడండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోసమే తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పైథాన్ అందులోనే కలిసి వస్తుంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. పాత యంత్రాల్లో కూడా నడుస్తుంది, ఇంటర్నెట్ అవసరం లేదు. ముఖ్యంగా ప్రోగ్రామును ఒక్కో అడుగు నడిపిస్తూ, ఏ వేరియబుల్‌లో ఏ విలువ ఉందో పక్క గడిలో చూపిస్తుంది. లూపు తిరుగుతున్నప్పుడు ఆ విలువ మారడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఇంటర్నెట్ ఉన్న పూట పైథాన్ ట్యూటర్ అనే వెబ్‌సైటు కూడా ఇలాంటి పనే బాగా చేస్తుంది.

ఇన్నేళ్లుగా ల్యాబుల్లో ఉన్నవాడిగా ఒక మాట చెప్పాలి. ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్పుతున్నామన్నది చిన్న విషయం కాదు. 1990ల మొదట్లో వచ్చిన టర్బో సీ++ను డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములను కొత్త యంత్రాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, సీ++ ప్రామాణిక రూపం 1998లో వచ్చిన తరువాత కూడా ఏళ్ల తరబడి నడిపిన ల్యాబులు మన దగ్గర ఎన్నో. అందులో పూర్ణాంకానికి 16 బిట్లే. 7 ఫాక్టోరియల్ 5040 అని సరిగ్గా వచ్చేది, 8 ఇస్తే 40320 రావలసిన చోట మైనస్ 25216 వచ్చేది. 32767 దాటితే అందులో పట్టదని చెప్పేవారు లేక పిల్లలు తమ లాజిక్‌ను పదే పదే మార్చుకునేవారు. చెప్పగలిగిన గురువు ఉన్నచోట అదే అద్భుతమైన పాఠమయ్యేది.

మారతహళ్లి_టీచర్
థానీ ఈ వారమే పెట్టిస్తాను. రాజు గారూ, ఇద్దరు పిల్లలకు ఒక యంత్రం ఉన్నప్పుడు రెండోవారు ఊరికే చూస్తూ కూర్చోకుండా ఏం చేయించాలి?

ల్యాబ్_రాజు
ఒకరు కీబోర్డు పట్టుకోవాలి, రెండోవారు ఏం టైపు చేయాలో నోటితో చెప్పాలి. కీబోర్డు పట్టుకున్నవారు సొంతంగా ఒక్క అక్షరం కూడా కొట్టకూడదు. కాసేపయ్యాక స్థానాలు మార్చాలి. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కూడా ఇలా జంటగా పనిచేసే పద్ధతి ఉంది. కాబట్టి ఇద్దరికి ఒకటే యంత్రమని బాధపడవద్దు.

జయనగర్_అమ్మ
మా అమ్మాయి ఐసీఎస్ఈలో పదో తరగతి, వాళ్లకు జావా. బ్లూజే అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. అది కూడా విద్యార్థుల కోసమే విశ్వవిద్యాలయంలో తయారైనది. ఇక్కడ అందరూ పైథానే లోకమన్నట్టు మాట్లాడుతున్నారు. ఏ విలువ ఏ రకమో (అంకెనా, అక్షరమా) ముందుగా ప్రకటించాల్సిన జావాతో మొదలుపెట్టిన పిల్లలకు క్రమశిక్షణ వస్తుందని, తరువాత పైథాన్ సులువవుతుందని మా అమ్మాయి టీచరు చెబుతారు, నాకూ నిజమే అనిపిస్తుంది.

వైట్‌ఫీల్డ్_కోడర్
క్రమశిక్షణ సంగతి ఒప్పుకుంటాను. అయితే బడుల్లో మామూలుగా నేర్పే జావాలో తెర మీద ఒక్క పేరు ముద్రించాలన్నా పబ్లిక్, స్టాటిక్, వాయిడ్ అనే మూడు మాటలు రాయాలి. మొదటి రోజున వాటి అర్థం చెప్పలేం, ప్రస్తుతానికి ఇలా రాసేయండి అనాల్సి వస్తుంది. అర్థం తెలియకుండా రాయడం మొదటి రోజే అలవాటైతే దాన్ని మాన్పించడానికి చాలాకాలం పడుతుంది.

జయనగర్_అమ్మ
మీ అభ్యంతరం సరైనదే. కానీ పైథాన్‌లో ఇన్‌పుట్ నుంచి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస అన్న సంగతిని కూడా పిల్లలు అర్థం తెలియకుండానే, దాన్ని అంకెగా మార్చే ఇంట్‌ను తొడిగి రాస్తున్నారు కదా. 5, 3 ఇచ్చి కూడితే 53 వచ్చిందని మా పక్కింటి అబ్బాయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఏ భాషలోనైనా నేర్పేవారి ఓపికే ముఖ్యం.

కోలారు_మేష్టారు
ఆ 53ను దాచకుండా అభ్యాసపత్రంలో మొదటి ప్రశ్నగా పెట్టండి. అంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది?

కరెంటు లేని పూట సంగతి కూడా చెబుతాను. న్యూజిలాండులోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం వారు అసలు కంప్యూటరే లేకుండా కంప్యూటర్ శాస్త్రం నేర్పే సామగ్రిని ఏళ్ల తరబడి తయారు చేసి ఉచితంగా ఇస్తున్నారు. అందులో ద్విసంఖ్యామానానికి ఐదు అట్టముక్కలు చాలు. వాటి మీద 16, 8, 4, 2, 1 చుక్కలుంటాయి. ఐదుగురు పిల్లలు వరుసగా నిలబడి పట్టుకుంటారు. తరగతిలో ఒకరు తమ పుట్టిన తేదీ చెబుతారు. 23 అనుకోండి, 16, 4, 2, 1 పట్టుకున్నవారు అట్ట తిప్పి చూపాలి, 8 పట్టుకున్నవారు దాచాలి. 10111 వచ్చేసింది. ఐదు అట్టలన్నీ కలిపితే 31, నెలలో ఉండే అత్యధిక తేదీ కూడా 31. కాబట్టి ఎవరి పుట్టినరోజైనా పడుతుంది. ఆరో అట్ట మీద ఎన్ని చుక్కలుండాలని అడిగితే ఆ తరువాతి పాఠం దానంతటదే మొదలవుతుంది.

పెరంబూరు_శారద
కాగితంతో చేసే మరొకటి. సరైన ప్రోగ్రామును అచ్చు తీసి, ఒక్కో వరుసను ఒక్కో చీటీగా కత్తిరించి, కలిపేసి కవరులో పెట్టి ఇస్తాను. పిల్లలు బల్ల మీద సరైన వరుసలో పేర్చాలి. డేల్ పార్సన్స్, ప్యాట్రీషియా హేడెన్ 2006లో ఈ రకం లెక్కలను పరిచయం చేశారు, పార్సన్స్ ప్రాబ్లమ్స్ అని వెతికితే బోలెడు దొరుకుతాయి. పైథాన్‌కు ఇది మరీ బాగుంటుంది, ఎందుకంటే చీటీని ఎంత లోపలికి జరిపి పెట్టాలో కూడా నిర్ణయించుకోవాలి. 1 నుంచి 5 వరకు కూడే ప్రోగ్రాములో ముద్రించే చీటీని లూపు లోపలికి జరిపితే 1, 3, 6, 10, 15 వస్తాయి, బయట పెడితే 15 ఒక్కటే వస్తుంది. ఇండెంటేషన్ (వరుసను లోపలికి జరపడం) గురించి గంటసేపు చెప్పేకంటే ఆ చీటీని ఒకసారి అటూ ఇటూ జరిపించడం మేలు.

హిందూపురం_కుర్రాడు
నేను విద్యార్థిని, ఇప్పుడు బెంగళూరులో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పది వరకు తెలుగు మాధ్యమం. టీచర్ గారు చెప్పిన కడప, అనంతపురం పిల్లల స్థానంలో నిలబడి రాస్తున్నాను.

మాకు లాజిక్ కష్టం కాదు, ఎర్రర్ మెసేజ్ చదవడమే కష్టం. నేమ్ఎర్రర్, టైప్ఎర్రర్, ఇండెంటేషన్ఎర్రర్ అని వచ్చినప్పుడు పక్కవాడు ఆ ఇంగ్లీషు వాక్యం చదివి సరిదిద్దుకుంటాడు, మేము మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తాం. తరచుగా వచ్చే ఓ పది ఎర్రర్లను తెలుగులోనూ కన్నడలోనూ వివరించి, ఏ వరుసలో వెతకాలో చెప్పే ఒక పెద్ద కాగితం ల్యాబు గోడకు అంటిస్తే మాలాంటి వారికి ఏ పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. పదాలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, వివరణ మాత్రం ఇంటి భాషలో ఉండాలి. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో తెలుగు వ్యాఖ్యానంతో ఉన్నవి కొన్ని నేను విన్నాను. చిన్న చిన్న వీడియోలు, ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా చూడవచ్చు, చూస్తూ పక్కనే చేసుకునేలా తయారు చేశారు.

వైట్‌ఫీల్డ్_కోడర్
ఇంగ్లీషు ఎర్రర్ చదవడం ఎప్పటికైనా నేర్చుకోక తప్పదు తమ్ముడూ. ఉద్యోగంలో గోడ మీద కాగితం ఉండదు. పైగా ఆ తరగతిలో తమిళం, హిందీ మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు.

హిందూపురం_కుర్రాడు
నేర్చుకోవద్దని నేను అనలేదన్నా. మొదటి నెలల్లో ఆ కాగితం ఉంటే భయం పోతుంది, భయం పోతే ఇంగ్లీషు వాక్యం చదవడానికి మనసొస్తుంది. హిందీ, తమిళం మాట్లాడే పిల్లలుంటే ఆ కాగితాన్ని ఆ భాషల్లోకి వారి చేతే రాయించవచ్చు, రాసేటప్పుడే సగం నేర్చుకుంటారు.

ఇంకొక సంగతి. స్ట్రింగుల (అక్షరాల వరుసల) పాఠంలో ఉదాహరణలన్నీ హలో వరల్డ్‌లే. పైథాన్ 3లో మన అక్షరాలు నేరుగా పనిచేస్తాయి. తెలుగు అనే మాటను ఇచ్చి పొడవు అడిగితే 6 వస్తుంది. మూడక్షరాల మాటకు ఆరెందుకు వచ్చిందని వెతికితే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని విడివిడిగా లెక్కపెడుతోందని తెలుస్తుంది. అదే మాటను తిరగేస్తే గులుతె రావాలి కదా, అలా రాదు. మొదట ఆధారం లేని కొమ్ము ఒకటి, ఆపైన గు, లె, త వస్తాయి. గుణింతపు గుర్తులన్నీ పక్క అక్షరానికి అంటుకుంటాయి. స్ట్రింగంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

మారతహళ్లి_టీచర్
ఇది చదవగానే లేచి వెళ్లి చేసి చూశాను, మీరు చెప్పినట్టే వచ్చింది. పదకొండో తరగతి రెండో పాఠంలో యూనికోడ్ (ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) గురించి రెండు పేరాలున్నాయి. పిల్లలు వాటిని బట్టీపట్టి పరీక్షలో రాస్తారు, అంతకు మించి ఆ పాఠంలో ఏముందో నేనూ ఇంతవరకు చూపించలేకపోయాను. బెంగళూరు పిల్లలకు పనికొచ్చే ఉదాహరణ ఇంకేమైనా ఉందా?

వైట్‌ఫీల్డ్_కోడర్
ఉంది, బెంగళూరు కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది. యూనికోడ్‌లో తెలుగు అ సంఖ్య 3077, కన్నడ అ సంఖ్య 3205. తేడా 128. తెలుగు క 3093, కన్నడ క 3221. తేడా మళ్లీ 128. మనం రోజూ రాసే అక్షరాలకు, గుణింతపు గుర్తులకు అన్నింటికీ ఇదే తేడా. ఆర్డ్‌తో అక్షరం సంఖ్య తెలుసుకుని, 128 కలిపి, సీహెచ్ఆర్‌తో మళ్లీ అక్షరంగా మార్చితే తెలుగులో రాసిన పేరు కన్నడ లిపిలో వచ్చేస్తుంది. ఆరేడు వరుసల ప్రోగ్రాం. ఖాళీ స్థలానికి, ఫుల్‌స్టాప్‌కు కూడా 128 కలిపితే పాడవుతుంది కాబట్టి సంఖ్య 3072 నుంచి 3199 మధ్య ఉంటేనే కలపాలన్న షరతు రాయాల్సి వస్తుంది. అక్కడ ఇఫ్ ఎందుకో చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది.

ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. అంతకుముందు భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా ఇస్కీ అనే సంకేతపద్ధతి ఉండేది. యూనికోడ్ 1991లో మొదలైనప్పుడు 1988 నాటి ఇస్కీ వరుసనే తీసుకుని ఒక్కో లిపికి 128 స్థానాల చొప్పున కేటాయించారు.

పెరంబూరు_శారద
కోడర్ గారి లెక్కను ఇక్కడ తిరగేసి 128 తీసేయించాను, ఎందుకంటే తెలుగుకు ముందు స్థానంలో ఉన్నది తమిళం. అమ్మా అని ఇస్తే అచ్చంగా తమిళ అమ్మా వచ్చింది. బాబు అని ఇస్తే బ ఉండాల్సిన చోట రెండుసార్లూ ఖాళీ డబ్బాలు వచ్చాయి. తమిళ లిపిలో బ, గ, ద వంటి అక్షరాలకు విడిగా స్థానం లేదు కదా, ఆ గడులు ఖాళీగా వదిలేశారు. వాటికి బదులు ప, క, త పెట్టాలంటే ఏం చేయాలని పిల్లలే అడిగారు. ఆ ప్రశ్నతో పైథాన్ డిక్షనరీల (ఒకదానికి బదులు ఏది రావాలో జతలుగా రాసుకునే పట్టికల) పాఠం మొదలైంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం ఉన్న పిల్లలు మా తరగతిలో చాలామంది. తమ ఇంటిపేర్లన్నీ వేసి చూసుకున్నారు.

కోలారు_మేష్టారు
కోలారులో తెలుగు, కన్నడ, తమిళం మూడూ వీధిలో వినిపిస్తాయి. నేను చూసిన వాటిలో ఇంతకంటే మంచి ప్రాజెక్టు లేదు.

జయనగర్_అమ్మ
ఇవన్నీ చాలా బాగున్నాయి, మా అమ్మాయి కూడా ఆ 128 ప్రోగ్రామును జావాలో రాసి చూసింది, పనిచేసింది. అయితే తల్లిగా ఒక ప్రశ్న అడగాలి. చివరకు పిల్లలు రాయాల్సింది పరీక్ష. ఇలాంటి వాటికి సమయం ఇస్తే సిలబస్ పూర్తవుతుందా?

పెరంబూరు_శారద
మొదటి రెండు నెలలు వెనకబడినట్టు కనిపిస్తుంది. ఫంక్షన్ల పాఠానికి వచ్చేసరికి వేగం పెరుగుతుంది, ఎందుకంటే లూపులను మళ్లీ మళ్లీ చెప్పాల్సిన అవసరం ఉండదు.

వైట్‌ఫీల్డ్_కోడర్
మార్కుల లెక్కలోనే చూసినా నష్టం లేదు. సీబీఎస్ఈ పదకొండులో రాతపరీక్ష 70, అందులో 45 మార్కులు ప్రోగ్రామింగ్‌వే. ఫలితం ఏమొస్తుందో రాయండి, తప్పులు సరిదిద్దండి అనే ప్రశ్నలు తప్పక వస్తాయి. శారద గారి కాగితం, పెన్సిలు పద్ధతి సరిగ్గా వాటికి సాధన. పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌లో 30కి ల్యాబు పరీక్ష 12, రికార్డు 7, ప్రాజెక్టు 8, వైవా 3. చూసి రాసిన రికార్డుతో వచ్చేది ఆ 7 మాత్రమే.

మారతహళ్లి_టీచర్
రికార్డు ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మునుపు సీనియర్ల రికార్డు చూసి రాసేవారు, ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ను అడిగి రాస్తున్నారు. ఒక పిల్లవాడి రికార్డులో మేము ఇంకా చెప్పని లాంబ్డా (పేరు పెట్టకుండా ఒక్క వరుసలో రాసే) ఫంక్షన్ కనిపించింది. అది ఏమిటని అడిగితే తల దించుకున్నాడు. మంచి పిల్లవాడు, నాకే మనసు కష్టమైంది. దీన్ని ఎలా ఎదుర్కొంటున్నారు?

కోలారు_మేష్టారు
ఫోన్లు నిషేధించి లాభం లేదు, ఇంట్లో వాడతారు. రికార్డులో ప్రతి ప్రోగ్రాం కింద రెండు వాక్యాలు చేతితో రాయించండి. ఏ వరుస తీసేస్తే ఏమవుతుంది, ఏ ఇన్‌పుట్‌కు ఈ ప్రోగ్రాం తప్పు జవాబిస్తుంది. ఈ రెండూ రాయాలంటే ప్రోగ్రాం అర్థం కావాలి.

ల్యాబ్_రాజు
సంతకం పెట్టే ముందు ఒక మార్పు అడగండి. ఫర్‌తో రాసినదాన్ని మీ ముందే వైల్‌తో రాయమనండి. సొంతంగా చేసినవారు నిమిషాల్లో మార్చేస్తారు.

హిందూపురం_కుర్రాడు
చాట్‌బాట్ ఇచ్చిన ప్రోగ్రామును దాచకుండా తెమ్మని చెప్పి, శారద గారి పద్ధతిలో ఊహించడానికి, పరిశీలించడానికి దాన్నే వాడవచ్చు. అందులో తప్పులుంటే పట్టుకున్నవారిని మెచ్చుకోండి. ఆ అబ్బాయి తల దించుకోవాల్సిన పని ఉండదు.

మదనపల్లి_మైత్రి
ఈ చర్చలో రాని ఒక విషయం రాస్తున్నాను. మా తరగతిలో చూపు లేని అమ్మాయి ఉంది. కంప్యూటర్ సైన్స్ ఆమెకు కుదరదని మొదట కొందరు అన్నారు. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. పైథాన్‌లో వరుస ఎంత లోపలికి ఉందో తెలియకపోతే పని జరగదు కదా. ఎన్‌వీడీఏ సెట్టింగుల్లో ఇండెంటేషన్‌ను మాటతోనో, స్వరంతోనో తెలియజేసే ఏర్పాటు ఉంది. లోపలికి జరిగేకొద్దీ స్వరం మారుతుంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇండెంటేషన్ తప్పులను చూపున్న పిల్లల కంటే ముందు పట్టుకుంటుంది. మీరు తయారు చేసే అభ్యాసపత్రాలను బొమ్మలుగా కాకుండా టెక్స్టు ఫైళ్లుగా కూడా ఇవ్వండి, బొమ్మలోని ప్రోగ్రామును స్క్రీన్ రీడర్ సరిగ్గా చదవలేదు.

మారతహళ్లి_టీచర్
మైత్రి గారూ, ఇది నాకు తట్టనే లేదు. తప్పకుండా టెక్స్టుగానే ఉంచుతాను.

వైట్‌ఫీల్డ్_కోడర్
వచ్చే ఏడాది ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ పట్టికల భాష) పాఠానికి ఒక సలహా ఇప్పుడే రాసి పెడుతున్నాను. పుస్తకాల్లో ఎప్పుడూ విద్యార్థి పట్టిక, ఉద్యోగి పట్టికలే. మీ పిల్లలు రోజూ ఎక్కే బస్సులతో పట్టిక చేయించండి. 500డీ హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుకు, 335ఈ మెజెస్టిక్ నుంచి కాడుగోడికి, రెండూ మారతహళ్లి మీదుగానే. బస్సు నంబరును ప్రైమరీ కీగా (ప్రతి వరుసను విడిగా గుర్తించే గడిగా) పెట్టవచ్చా అని అడగండి. ఒకే నంబరుతో రోజంతా ఎన్నో బస్సులు తిరుగుతాయి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే నంబరు. రూటుకు ఒక పట్టిక, ట్రిప్పుకు ఒక పట్టిక, ఆగే చోట్లకు ఒక పట్టిక ఎందుకు కావాలో వాదించుకుని వారే తేల్చుకుంటారు. ఒక పట్టికను మరో పట్టికతో కలిపే ఫారిన్ కీ అంటే ఏమిటో అప్పుడు చెప్పండి.

పెరంబూరు_శారద
పదకొండో తరగతి పుస్తకంలోని కొత్త ధోరణుల పాఠం కూడా పొడిగా వదిలేయకండి. కృత్రిమ మేధ గురించి చెప్పేటప్పుడు రాజ్ రెడ్డి గారి సంగతి చెప్పండి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మా చెన్నైలోని గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, కంప్యూటర్ మనిషి మాటను గుర్తించేలా చేయడంపై పనిచేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మన ఊళ్ల నుంచి వెళ్లినవారు ఆ పని చేశారని తెలిసినప్పుడు పిల్లల కళ్లలో వెలుగు వస్తుంది, నేను చూశాను.

మారతహళ్లి_టీచర్
మీరందరూ రాసినవాటిని కలిపి ఈ త్రైమాసికానికి ఒక వరుస వేసుకున్నాను. పాఠానికి ఎన్‌సీఈఆర్‌టీ, సాధన ప్రశ్నలకు యాజమాన్యం కొనిపించిన పుస్తకం. అందులో పైథాన్ 2 ప్రోగ్రాములున్న పేజీలను పిల్లల చేతే గుర్తింపజేసి, పైథాన్ 3లోకి మార్చడాన్ని ల్యాబు పనిగా ఇస్తున్నాను. ప్రతి కొత్త అంశానికీ ముందు కాగితం మీద ఊహించడం, తరువాతే థానీ తెరవడం. ఎర్రర్ల పట్టికను తెలుగులో నేను రాస్తున్నాను, కన్నడలో మా కన్నడ టీచరు సాయం చేస్తామన్నారు. 128 ప్రోగ్రాం స్ట్రింగుల పాఠానికి. తయారైన పత్రాలను ఇక్కడే పెడతాను, ఎవరైనా మార్చి వాడుకోవచ్చు.

పన్నెండో తరగతికి చెప్పే మా సహోద్యోగి ఒక సందేహం అడగమన్నారు. విండోస్‌లో పైథాన్‌తో సీఎస్‌వీ ఫైలు రాసి ఎక్సెల్‌లో తెరిస్తే ప్రతి వరుసకూ మధ్య ఒక ఖాళీ వరుస వస్తోందట. పుస్తకంలోని ప్రోగ్రామునే వాడారట.

వైట్‌ఫీల్డ్_కోడర్
ఫైలు తెరిచే ఓపెన్‌లో న్యూలైన్ అనే పారామీటర్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వమనండి, పోతుంది. సీఎస్‌వీ రైటర్ తన వరుస చివరి గుర్తును తనే పెడుతుంది, ఆ పారామీటర్ ఇవ్వకపోతే విండోస్‌లో పైథాన్ దానికి ఇంకొకటి జోడిస్తుంది. ముందు ఖాళీ వరుసలతో ఫైలు తయారు చేయించి, దాన్ని నోట్‌ప్యాడ్‌లోనూ ఎక్సెల్‌లోనూ తెరిచి చూపించాకే ఈ సవరణ చెప్పమనండి.

మారతహళ్లి_టీచర్
పనిచేసిందట. ఆ ఖాళీ వరుసల ఫైలును కూడా దాచి ఉంచమన్నాను, ఫైళ్ల పాఠం అభ్యాసపత్రంలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.